అలమ్నై లెక్చర్ అవార్డు: "మనమెందుకు అడగడం, వాళ్ళే పిలుస్తారు" అనుకునేవాళ్ళ కోసం

మా కాలేజీలో చదివి మంచి పని చేసినవాళ్ళని పిలిచి, సత్కరించి, పిల్లలకి లెక్చర్ ఇప్పించే అవార్డు ఇది. దానికి నామినేషన్లు పిలిచే సీజన్ వచ్చిందంటే మా అలమ్నై సెల్‌కి, అంటే పాత విద్యార్థుల సంగతులు చూసే ఆఫీసుకి, ప్రతి ఏడూ అవే ఫోన్లు. "మళ్ళీ అమెరికా వాళ్ళకేనా అండీ?", "ఎంత కడితే ఇస్తారేంటి?", "మా సీనియర్ ఒకాయన ఉన్నారు, అంత పెద్ద పని చేశారు, మీరెందుకు పట్టించుకోలేదు?" ఈ మూడోది అడిగినవాళ్ళని నేను ఒకటే తిరిగి అడుగుతా, మరి మీరు నామినేట్ చేశారా అని. "అబ్బే, మేం చేసేదేంటండీ, అది మీరు చూసుకోవాలి కదా" అంటారు. ఈ ఒక్క మాట వల్ల పోయినన్ని మంచి పేర్లు రికమండేషన్ల వల్ల కూడా పోలేదు, అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నా.

అపోహ: పని గొప్పదైతే కాలేజీయే వెతుక్కుంటూ వస్తుంది

రాదు. రాలేదు కూడా. మా దగ్గర ఉన్నదల్లా పాత అడ్మిషన్ రిజిస్టర్లు, రీయూనియన్లకి వచ్చినప్పుడు నింపిన ఫారాలు, బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో పుణ్యాత్ములు తయారుచేసిన ఎక్సెల్ షీట్లు. పాత బ్యాచ్‌ల అడ్రసు అంటే వాళ్ళ నాన్నగారి ఊరు, వయా ఫలానా పోస్టాఫీసు, అంతే. అమ్మాయిల విషయంలో ఇంకా ఘోరం, పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిపోతుంది, కొందరికి ఇనిషియల్ ముందునుంచి వెనక్కి పోతుంది, సెర్చ్ కొడితే అలాంటి మనిషే లేదని చూపిస్తుంది. సెలక్షన్ కమిటీలో కూర్చునే ప్రొఫెసర్లకి దివ్యదృష్టి ఏం లేదు, ముందు పెట్టిన ఫైళ్ళలోంచే ఎంచుతారు, ఆ మధ్యాహ్నం టేబుల్ మీదకి రాని పేరు ఆ ఏడాదికి లేనట్టే.

మరి వచ్చే పేర్లు ఎవరివి? కంపెనీకి పీఆర్ డిపార్ట్‌మెంట్ ఉన్నవాళ్ళవి. మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల మణిపాల్‌లో, అడోబీ శంతను నారాయణ్ ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివారని ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, పేపర్లే రాస్తాయి. వాళ్ళకి ఇవ్వద్దని నేను అనట్లేదు, కానీ సబ్‌స్టేషన్లు కట్టినవాళ్ళు, కాలవలు తవ్వించినవాళ్ళు, రైల్వే బ్రిడ్జీలు డిజైన్ చేసినవాళ్ళు, వీళ్ళ పేరు ఎక్కడా ఉండదు, ఉంటే శిలాఫలకం మీద మంత్రి గారి పేరుకింద "డిపార్ట్‌మెంట్" అని ఉంటుంది.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్‌లో 19వ గేటు చైన్ తెగి కొట్టుకుపోయింది గుర్తుందా, 33 గేట్లలో అదొక్కటీ పోతే కింద రైతులందరికీ రిజర్వాయర్ ఖాళీ అయిపోతుందేమోనని ప్రాణం గుబగుబలాడింది. అప్పుడు కన్నయ్య నాయుడు గారనే రిటైర్డ్ ఇంజనీరు వచ్చి, అంత వయసులో, నీళ్ళు ఉరుకుతుండగానే గేటు బదులు నీళ్ళని అడ్డుకునే స్టాప్‌లాగ్‌ని ముక్కలు ముక్కలుగా దింపించి వారం రోజుల్లో ఆపించారు. ఆ వారం రాష్ట్రమంతా ఆయన పేరే. దానికి ముందు నెలలో అడిగితే? డ్యామ్ గేట్ల పనిలో ఉన్నవాళ్ళకి తప్ప ఎంతమందికి తెలుసు? గేటు కొట్టుకుపోతేగానీ గేట్లు చేసేవాళ్ళు గుర్తురారు మనకి.

ఇంకా వెనక్కి పోతే అయ్యలసోమయాజుల లలిత గారు. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి, చంకలో పాపతో, 1943లో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు, ఈ దేశంలో మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు. భాక్రానంగల్ ప్రాజెక్టు ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్‌లో పనిచేశారు, 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకి వెళ్ళారు. మన తెలుగావిడ. ఇంజనీరింగ్ చదివే మా పిల్లల్ని అడిగితే వందమందిలో ఒకరికి తెలిస్తే గొప్ప.

"అడిగి తెచ్చుకున్న గౌరవం గౌరవమేంటండీ" అంటారు కొందరు పెద్దలు. సార్, నోబెల్ ప్రైజు కూడా నామినేషన్ లేకపోతే రాదు. పద్మ అవార్డులకి ఎవరైనా ఆన్‌లైన్‌లో నామినేట్ చెయ్యొచ్చు, సెల్ఫ్ నామినేషన్ కూడా తీసుకుంటారు. మన దగ్గర మాత్రం ఫారం నింపితే పరువు పోతుంది! వైస్ ఛాన్సలర్ గారికి మంత్రి పేషీ నుంచి ఫోన్ చేయించడానికి మాత్రం ఏ మొహమాటమూ ఉండదు, ఆ ఫోను వల్ల నిజంగా అర్హత ఉన్న మనిషి మీద కూడా కమిటీకి అనుమానం వస్తుందని ఎవరికీ తట్టదు.

పెద్ద కరెంటు లైన్లు చూసే ట్రాన్స్‌కోలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి చీఫ్ ఇంజనీరుగా రిటైరైన ఒక మేడమ్ సంగతి చెప్తా. బ్యాచ్‌లో ఈవిడ ఒక్కరే అమ్మాయి. బ్యాచ్‌మేట్స్ ఏటా ఎవరో ఒక డాలస్ అన్నయ్య పేరే పంపేవాళ్ళు. చివరికి ఆవిడ కింద పనిచేసిన ఒక జూనియర్ కుర్రాడు నామినేషన్ రాసి పంపాడు, తుఫాను తర్వాత పడిపోయిన టవర్ల లైనుని ఏ క్రమంలో లేపాలో ఆవిడ ఎలా నిర్ణయించారు, ముందు ఆసుపత్రులకీ వాటర్ పంపింగ్‌కీ కరెంటు ఎలా తెప్పించారు, రెండు పేజీల్లో. కమిటీ చర్చే లేకుండా ఆవిడ పేరు ఒప్పేసుకుంది. నేను ఫోన్ చేసి చెప్తే "నాకెందుకండీ ఇవన్నీ, నేను చేసింది ఉద్యోగమే కదా" అన్నారు, పక్కనుంచి వాళ్ళాయన "ఒప్పుకోవే" అని గట్టిగా అనడం నాకు వినబడుతూనే ఉంది.

కాబట్టి నామినేషన్ అంటే బయోడేటా అటాచ్ చెయ్యడం కాదు. ఆ పని చెయ్యకముందు ఎలా ఉండేది, చేశాక ఏం మారింది, అందులో ఈ మనిషి సొంతంగా తీసుకున్న నిర్ణయం ఏది, దాన్ని ధ్రువీకరించగలిగేవాళ్ళు ఎవరు, ఈ నాలుగూ ఉంటే చాలు. చేసిన పోస్టింగులన్నీ వరసగా రాయొద్దు, అది సర్వీస్ రిజిస్టర్.

అపోహ: డొనేషన్ ఇచ్చినవాళ్ళకే ఇస్తారు

కొన్నిచోట్ల డొనేషనూ అవార్డూ కలిసిపోయిన మాట నిజమే, అది నేనెందుకు దాచాలి. కానీ పద్ధతి ప్రకారం నడిచే ఎండోమెంట్ లెక్చర్‌లో, అంటే ఎవరో శాశ్వత నిధి పెడితే దానిమీద నడిచే లెక్చర్‌లో, డబ్బు పెట్టేవాళ్ళు వేరు, ఎంచేవాళ్ళు వేరు. అసలు సొమ్ము బ్యాంకులో అలాగే ఉంటుంది, దాని వడ్డీతో కార్యక్రమం నడుస్తుంది. 10 లక్షలు 7 శాతానికి వేస్తే ఏడాదికి 70 వేలు, అందులో రానుపోను టికెట్లు, గెస్ట్‌హౌస్, మెమెంటో, హానరేరియం. ఎప్పుడో 50 వేలు పెట్టి వాళ్ళ నాన్నగారి పేరుమీద లెక్చర్ పెట్టినవాళ్ళు "ఇప్పుడెందుకు జరపట్లేదు" అని కోప్పడతారు, దాని మీద వచ్చే 3,500తో హాల్లో టిఫిన్లు కూడా రావండీ. అమెరికా బ్యాచ్‌కి ఇంకో ముక్క, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు, పౌరసత్వం మారినవాళ్ళు పంపితే వస్తుంది, సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, ఉందో లేదో కనుక్కోకుండా గ్రూపులో వసూళ్ళు మొదలెట్టకండి.

"మీరు బెస్ట్ ఇంజనీర్ అవార్డుకి ఎంపికయ్యారు, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని మెయిల్ వస్తే డిలీట్ చెయ్యండి. ఏ యూనివర్సిటీ లెక్చర్ అవార్డుకీ అవార్డీ డబ్బు కట్టడు, వాళ్ళే టికెట్ పెట్టి పిలుస్తారు.

అపోహ: ఇది గౌరవ డాక్టరేట్ లాంటిదే

కాదు. అది డిగ్రీ, దాని దారి వేరు. దీన్ని పట్టుకుని విజిటింగ్ కార్డు మీద పేరు ముందు డాక్టర్ అని వేయించుకోకండి ప్లీజ్.

అపోహ: శాలువా ముఖ్యం, లెక్చర్ ఫార్మాలిటీ

నోబెల్ వాళ్ళ రూల్స్‌లోనే ఉంది, 6 నెలల్లోపు లెక్చర్ ఇవ్వాలి. 2016 సాహిత్య నోబెల్ వచ్చిన అమెరికా గాయకుడు బాబ్ డిలన్ ఆ గడువు ఇంకో కొద్దిరోజుల్లో ముగుస్తుందనగా లెక్చర్ పంపి మరీ డబ్బు అందుకున్నాడు. కాటూరులో పుట్టి గిండీలో సివిల్ చదివిన మన రాజ్ రెడ్డి గారికి 1994లో కంప్యూటర్ సైన్స్‌లో పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చినప్పుడు ఆయనా లెక్చర్ ఇచ్చారు. పిల్లలకి మిగిలేది అదే కదా, శాలువాతో వాళ్ళకేం పని. అయినా కొందరు వచ్చి గంటసేపు కంపెనీ ప్రొఫైల్ పీపీటీ చూపిస్తారు, వెనక బెంచీలు హాయిగా ఫోన్లు చూసుకుంటాయి.

లెక్చర్ అనగానే భయపడేవాళ్ళంటే మాత్రం నాకు ఇష్టం, వాళ్ళే బాగా చెప్తారు. ఇరిగేషన్‌లో రిటైరైన ఒక సార్ "ఇంగ్లీషులో మాట్లాడాలాండీ, నావల్ల కాదు, ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి" అని నిజంగానే వదులుకోబోయారు. తెలుగులో చెప్పండి సార్ అన్నాం. బోర్డు మీద కాలవ అడ్డకోత గీసి, డిజైన్‌లో లేని ఊట ఎక్కడ పుట్టింది, రాత్రికి రాత్రి ఇసక బస్తాలు, కంకర ఏ వరసలో వేయించారు, ఎందుకు మట్టితో మూసెయ్యకుండా నీళ్ళని వడగట్టి బయటికి పోనిచ్చారు, అన్నీ చెప్పారు. ఫస్టియర్ పిల్లలు కూడా లేవలేదు, భోజనాలు చల్లారిపోయాయని క్యాటరింగ్ ఆయన నామీద విసుక్కున్నాడు.

చివరగా ఒక పని మాత్రం చెయ్యండి, నామినేషన్‌లో ఎవరి పేరైనా రెఫరీగా రాస్తే వాళ్ళకి ముందే ఫోన్ చేసి చెప్పండి. పోయినసారి ఒక రెఫరీ గారికి మేం ఫోన్ చేస్తే "ఆయనెవరండీ, మా బ్యాచేనా?" అని మమ్మల్నే అడిగారు.