సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనే ముందు: అపోహలు - వాస్తవాలు

కొన్ని నెలల కిందట మళ్లీ అదే ఫోన్. "అన్నా, 2013 మోడల్ కన్వర్టిబుల్ దొరికింది. 11 వేల కిలోమీటర్లే తిరిగింది, సింగిల్ ఓనర్. టోకెన్ ఇచ్చేశా. ఒక్కసారి చూసి చెప్పు." ఆ గొంతులో సంతోషం వినగానే నాకు గుండెలో రాయి పడినట్టయింది. ఆ అబ్బాయి బండి కింద చూడలేదు, ఫైలు అడగలేదు. మీటరు మీద అంకె చూసి 2 లక్షలు ఇచ్చేశాడు.

హైదరాబాద్‌లో పదహారేళ్లు జర్మన్ బండ్ల షెడ్లలో పని చేశాను. ఇప్పుడు కొనేవాళ్ల తరఫున బండ్లు చూసిపెడుతున్నాను. నా కళ్ల ముందు జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకున్నది ఒక్క మాట దగ్గరే: "తక్కువ తిరిగింది." అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను. మిగతావి చివర్లో త్వరగా చెప్పేస్తాను.

అపోహ: తక్కువ తిరిగితే బండి కొత్తదానితో సమానం

రోజూ ఆఫీసుకి వెళ్లే చిన్న బండి విషయంలో ఈ లెక్క కొంతవరకు నడుస్తుంది. స్పోర్ట్స్ కారు సంగతి వేరు. చాలా ఇళ్లలో అది మూడో బండో నాలుగో బండో. సెల్లార్‌లో కవర్ కప్పి ఉంటుంది. ఆదివారం పొద్దున డ్రైవర్ వచ్చి స్టార్ట్ చేసి, పది నిమిషాలు అక్కడే ఉంచి ఆపేస్తాడు. ఓనరు దాన్ని జాగ్రత్త అనుకుంటాడు. ఇంజన్‌కి మాత్రం అది చాలా చెడ్డ అలవాటు. చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ పెట్రోలు ఎక్కువ తీసుకుంటుంది, అందులో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. పెట్రోలు మండితే పుట్టే నీటి ఆవిరి లోపలే చల్లబడి అదీ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ బాగా వేడెక్కి, ఆ వేడి మీద బండి కాసేపు పరిగెత్తితేనే ఇవి రెండూ ఆవిరై బయటికి పోతాయి. పది నిమిషాల్లో అది జరగదు. అలా రెండేళ్లు నడిచిన ఆయిల్ వెయ్యి కిలోమీటర్లే చూసినా పాడైన ఆయిలే. ఆయిల్ పోసే మూత విప్పి అడుగు భాగం చూడండి. మీగడలా తెల్లటి జిగురు కనిపిస్తే, ఆ బండి వేడెక్కేంత దూరం సరిగ్గా తిరగలేదని అర్థం. హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయినా అలాగే కనిపిస్తుంది కాబట్టి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) కూడా తప్పకుండా చూడాలి.

ఇక రబ్బరు, ప్లాస్టిక్. ఇవి తిరిగినా తిరగకపోయినా ముదురుతాయి. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో తయారైందని. తొమ్మిదేళ్ల టైరుకి ట్రెడ్ (నేలని పట్టుకునే గాట్లు) నిండుగా ఉండొచ్చు, కానీ గోరు పెట్టి నొక్కితే చెక్కలా తగులుతుంది. వాన రోజు 300 హార్స్‌పవర్ వెనక చక్రాలకి వెళ్లే బండిని ఆ టైర్ల మీద నడపడం ప్రాణాలతో చెలగాటం. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీలుస్తుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన తర్వాత ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతుంటే పెడల్ మెత్తబడి కాలికింద జారిపోవడానికి కారణం ఇదే. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు, కిలోమీటర్లతో పని లేదు. కూలెంట్ ట్యాంకు, నీళ్ల పైపులు, ఇంజన్ మౌంట్లు, షాక్ అబ్సార్బర్ సీళ్లు అన్నీ ఇదే తీరు. 2023 నుంచి మన బంకుల్లోకి ఇ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) వచ్చింది. ఇథనాల్‌కి తేమ లాక్కునే గుణం ఉంది. పాత బండి ట్యాంకులో అది నెలల తరబడి నిలవ ఉండటం మంచిది కాదు. వీటికి తోడు సెల్లార్ ఎలుకలు. కదలని బండి బానెట్ కింద వాటికి మంచి ఇల్లు. కొరికిన వైరింగ్ దొరకబుచ్చుకోవడానికి ఒక్కోసారి నాకు రెండు రోజులు పడుతుంది.

అమెరికాలో ఉన్న మన తమ్ముళ్లు కూడా ఇదే అడుగుతుంటారు, అక్కడ పాత పోర్షే బాక్‌స్టర్లు, 911లు మన దగ్గరకంటే చవక కాబట్టి. 1997 నుంచి 2008 దాకా వచ్చిన చాలా పోర్షే స్పోర్ట్స్ కార్ల ఇంజన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ (ఇంజన్ లోపల తిరిగే ఒక షాఫ్ట్‌ని మోసే బేరింగ్) గురించి మీరు వినే ఉంటారు. ఆ బేరింగ్ పోతే ఇంజన్ మొత్తం పోవచ్చు. ఆ ఇంజన్లు విప్పి చూసిన మెకానిక్‌లు చాలామంది చెప్పేది ఏమిటంటే, తరచూ తిరిగి, వేళకి ఆయిల్ మార్చిన బండ్లకంటే గ్యారేజీలో నిలబడిన బండ్లకే ఆ ముప్పు ఎక్కువని. 80 వేల మైళ్ల బండి వదిలేసి 20 వేల మైళ్ల బండికి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లు ఈ మాట ఒకసారి ఆలోచించాలి. అలాగే ఆ బేరింగ్ పేరు వినగానే పోర్షే మొత్తానికి దండం పెట్టేవాళ్లూ ఉన్నారు. 2009 మోడల్ నుంచి బాక్‌స్టర్, కేమన్, మామూలు 911లలో వచ్చిన కొత్త ఇంజన్లలో ఆ బేరింగే లేదు. ఇంటర్నెట్‌లో చదివిన భయాన్ని అన్ని సంవత్సరాలకీ అంటగట్టకండి.

టోకెన్ ఇచ్చిన అబ్బాయి దగ్గరికి వస్తాను. నిజాంపేటలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆరేళ్లు కూడబెట్టిన డబ్బు. వాళ్లమ్మగారు కూడా వెంట వచ్చారు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "బాబూ, ఇది మాకు ఇబ్బంది పెట్టదు కదా" అని మెల్లగా నన్ను అడిగారు. బ్రోకరు మాత్రం "పెళ్లికూతురిలా చూసుకున్నారు సార్" అంటూనే ఉన్నాడు. రంగు నిజంగానే అద్దంలా ఉంది. లిఫ్ట్ ఎక్కించాం. నాలుగు టైర్లూ బండితో పాటు వచ్చినవే, పక్కగోడలు బీటలు వారాయి. బ్రేక్ ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంది. కూలెంట్ ట్యాంకు అతుకు దగ్గర చెమ్మ. టాప్ తెరిచే హైడ్రాలిక్ సిలిండర్ దగ్గర ఆయిల్ కారి బూట్ లైనింగ్ తడిసింది. డిస్కులు తుప్పు పట్టి గుంటలు పడ్డాయి. బ్యాటరీ ఎన్నిసార్లు ఖాళీ అయిందో కంట్రోల్ యూనిట్లలో (బండిలోని చిన్న కంప్యూటర్లలో) పాత లో వోల్టేజ్ ఎర్రర్లే చెప్పాయి. సర్వీస్ ఫైలులో చివరి బిల్లు నాలుగేళ్ల కిందటిది.

నేను కాగితం మీద లెక్క వేసి ఇచ్చాను. రోడ్డు మీద భయం లేకుండా నడపాలంటే 6 లక్షల 40 వేలు. అతను చాలాసేపు మాట్లాడలేదు. పక్క సెల్లార్‌లోనే అదే మోడల్ ఇంకొకటి అమ్మకానికి ఉందని, 52 వేలు తిరిగిందని వదిలేశానని తర్వాత చెప్పాడు. దాన్నీ చూశాం. ఏటా ఆయిల్ మార్పు, రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్, పోయిన సంవత్సరం వాటర్ పంపు, టైర్లు. బిల్లులన్నీ వరుసగా ఫైలు చేసి ఉన్నాయి. సీటు అంచు కొంచెం అరిగింది, ముందు బంపర్‌కి రాళ్ల దెబ్బలు. అంతే. మొదటి బండికంటే 5 లక్షలు తక్కువ. టోకెన్‌లో సగమే వెనక్కి వచ్చింది, అయినా మొదటి బండి వదులుకుని దీన్నే తీసుకోమన్నాను.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. ఆ తక్కువ అంకె నిజమో కాదో ఎవరు చెప్పారు? మీటరు వెనక్కి తిప్పడం పెద్ద పని కాదు. అయితే కిలోమీటర్లు మీటరులోనే కాకుండా చాలా బండ్లలో ఇంజన్, గేర్‌బాక్స్ యూనిట్లలో, కొన్నింట్లో తాళంచెవిలో కూడా నమోదవుతాయి. కొన్ని బండ్లు ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో కూడా దాచుకుంటాయి. పోర్షేలో అయితే ఇంజన్‌ని హద్దు దాటి ఎన్నిసార్లు తిప్పారో, చివరిసారి ఏ గంట దగ్గర తిప్పారో కూడా చదవొచ్చు. ఒక బండికి మీటరులో 19 వేలు. ఇంజన్ గంటలు 1,620. భాగిస్తే గంటకి 12 కిలోమీటర్లు కూడా రాదు. ఓనరేమో "ఆదివారం ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద తప్ప బయటికి తీయను" అన్నాడు. ఓఆర్ఆర్ మీద ఎవరైనా 12లో వెళ్తారా? గేర్‌బాక్స్ యూనిట్ చదివితే 47 వేలు ఉంది. అప్పుడు లెక్క గంటకి 29, సరిగ్గా కుదిరింది. కాబట్టి స్కాన్ చేసేవాళ్లని ఎర్రర్లు చదివి ఆగిపోనివ్వకండి. అన్ని యూనిట్లలో కిలోమీటర్లు, ఇంజన్ గంటలు చదివి ప్రింట్ ఇవ్వమనండి.

అపోహ: స్కానర్ పెడితే అంతా తెలిసిపోతుంది

స్కానర్ అంటే బండి కంప్యూటర్లలో నమోదైన ఎర్రర్లు చదివే పరికరం. ఈ మాట నేను కూడా నమ్మాను. షెడ్డులో చేరిన కొత్తలో కరీంనగర్ డాక్టర్‌గారు ఒకరు కూపే (రెండు డోర్ల కారు) చూపించారు. స్కానర్‌లో ఒక్క ఎర్రర్ లేదు. తీసుకోమన్నాను. మూడు వారాలకి టర్బో పోయింది. ముందు రోజు సాయంత్రమే ఎర్రర్లు చెరిపేశారని తర్వాత తెలిసింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే అది ఇంకా నొప్పిగానే ఉంది. చెరిపేసిన తర్వాత బండి ఎంత దూరం తిరిగిందో చాలా బండ్లలో చదవొచ్చు. రెడీనెస్ మానిటర్లు (బండి తనకు తానే చేసుకునే పరీక్షలు) పూర్తి కాలేదని చూపిస్తే కూడా అనుమానించాలి. ఆ రెండూ చూడటం ఆ రోజు నాకు తెలియదు. స్కానర్‌తో పాటు కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో ఒత్తిడి సరిగ్గా నిలుస్తోందా అని చూడటం), స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి సన్న కెమెరాతో సిలిండర్ గోడలు చూడటం, లిఫ్ట్ మీద అడుగు భాగం, ఇవన్నీ జరగాలి.

అన్నిటికంటే ముందు, ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయాలి. నేను వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేస్తాను. చైన్ గరగర, పొగ, అదిరే ఐడ్లింగ్ మొదటి పది సెకన్లలోనే బయటపడతాయి. ఒక మాట, బాక్సర్ ఇంజన్లో సిలిండర్లు పడుకుని ఉంటాయి కాబట్టి రాత్రంతా ఆగిన తర్వాత స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ రావడం మామూలే. దానికి కంగారు పడకండి. పొగ ఆగకుండా వస్తుంటేనే సమస్య.

అపోహ: వరదలో మునిగిన బండిని వాసనతో పట్టేయొచ్చు

పట్టలేరు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగాయి. అలా నీళ్లలో నిలిచిన బండ్లు శుభ్రమై, సెంటు కొట్టుకుని వేరే ఊళ్లో అమ్మకానికి వస్తాయి. స్పోర్ట్స్ కార్లు నేలకి దగ్గరగా ఉంటాయి, మోకాలి లోతు నీళ్లు చాలు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, చివరి మూరలో బురద గీత ఉండొచ్చు. సీటు పట్టాల బోల్టులు, కార్పెట్ కింద స్పాంజ్, స్పేర్ టైరు గుంట చూడండి. కన్వర్టిబుల్‌కి వరద కూడా అక్కర్లేదు. టాప్ పక్కన నీళ్లు పోయే రంధ్రాలు వేపాకుతో మూసుకుపోతే వాన నీళ్లు నేరుగా సీటు కిందికి చేరతాయి. కొన్ని మోడళ్లలో కంట్రోల్ యూనిట్ ఉండేది సరిగ్గా అక్కడే.

అపోహ: స్టేజ్ 1 రీమ్యాప్ వల్ల ఏమీ కాదు

ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడాన్ని రీమ్యాప్ అంటారు. దాని ఫలితం బండిని బట్టి ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐలో వచ్చిన డ్రై క్లచ్ డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) వరకే తట్టుకునేలా తయారైంది. పాత 1.2 ఇంజన్ కంపెనీ నుంచి 175తో వచ్చేది. రీమ్యాప్ చేస్తే ఆ హద్దుకి దగ్గరగా పోతుంది. అమ్మే ముందు మళ్లీ స్టాక్ ఫైల్ (కంపెనీ అసలు సాఫ్ట్‌వేర్) వేసేస్తారు, క్లచ్ అరుగుదల మాత్రం వెనక్కి రాదు. ట్రాఫిక్‌లో మొదటి గేరు నుంచి రెండులోకి మారేటప్పుడు కుదుపు ఉందేమో అరగంట నడిపి చూడండి. ఓనరుని సూటిగా అడగండి, చాలామంది నిజమే చెబుతారు.

రంగు మందం కొలిచే పెయింట్ మీటరు గురించి కూడా అడుగుతుంటారు. కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 180 మైక్రాన్లు ఉంటుంది. ఒక డోరుకి 300 వస్తే రంగు వేశారని, వెయ్యి దాటితే పుట్టీ ఉందని. ఒక బంపర్‌కి రంగు వేసినందుకు బండి వదులుకోకండి, నేలకి తగిలే బండికి అది సహజం. పిల్లర్లు, ముందు చాసీ చివరలు కోసి అతికించి ఉంటే మాత్రం వదిలేయండి. అల్యూమినియం బాడీ ఉన్న బండికి దాన్ని కొలిచే మీటరే వాడాలి.

కాగితాల విషయం ఒక్క ముక్కలో: ఎం పరివాహన్ యాప్‌లో ఆర్‌సీ, హైపోథెకేషన్ (బండి మీద లోన్ తాకట్టు), చలాన్లు చూడండి. లోన్ ఉంటే ఫారం 35 (ఆ తాకట్టు తొలగించే కాగితం) లేకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఢిల్లీ బండి చవగ్గా వస్తోందంటే అక్కడి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ టాక్స్ కలిపి చూసుకోండి.

ఇవన్నీ చదివి టెన్షన్ పడి బండి ఆలోచనే మానేయకండి. మీకు ఇష్టమైన బండి కొనండి. బడ్జెట్ 30 లక్షలైతే 25లో బండి చూసి, మిగతాది మొదటి ఏడాది పనులకి పక్కన పెట్టండి. ఇన్‌స్పెక్షన్ ఖర్చు మీరే పెట్టుకోండి, అమ్మేవాళ్లు సూచించిన షెడ్డులో చేయించకండి. లిఫ్ట్ ఎక్కించడానికి ఓనరు ఒప్పుకోకపోతే బండి ఎంత నచ్చినా టోకెన్ ఇవ్వకండి. నిజాంపేట అబ్బాయి మొన్న 5 వేల కిలోమీటర్లు పూర్తయ్యాయని ఆయిల్ మార్చుకోవడానికి వచ్చాడు. అరకు దాకా వెళ్లొచ్చారట, వాళ్లమ్మగారు ముందు సీట్లోనే.