అందరినీ ఒకేలా చూస్తే చాలా? బడి పెద్దల అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో ప్రధానోపాధ్యాయులకు శిక్షణ ఇస్తుంటాను. అంతకుముందు నేనూ హెచ్‌ఎంనే. మొదటి రోజు ఏ బ్యాచ్‌లోనైనా దాదాపు ఇవే మాటలు వింటాను.

అపోహ: "మా బడిలో తేడాల్లేవు. పిల్లలందరినీ ఒకేలా చూస్తాం."

వాస్తవం: మంచి మనసుతోనే అంటారు. కానీ తల్లిదండ్రుల మీటింగు పొద్దున 11 గంటలకు పెడితే, కూలి పని కోసం అడ్డా మీద నిలబడే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. రాకపోతే "పిల్లల్ని పట్టించుకోరు" అనేస్తాం. విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం ఎస్‌ఎంసీలో (బడి యాజమాన్య కమిటీలో) నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. కాగితం మీద ఉంటారు. వాళ్లు వచ్చి నోరు విప్పగలిగే వేళ చూడాల్సింది మాత్రం హెచ్‌ఎం.

అపోహ: "తెలుగు రాదు, ఇంగ్లిష్ రాదు. వీళ్లు స్లో లెర్నర్లు."

వాస్తవం: ఈ తప్పు నేనూ చేశాను. ఒక లంబాడా పాప మాట్లాడటం లేదని చదువులో వెనకబడ్డ పిల్లల గుంపులో కూర్చోబెట్టాను. నెలల తర్వాత ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్లక్కతో తమ ఇంటి భాష గోర్ బోలీలో చకచకా లెక్కలు చెబుతుంటే విన్నాను. ఆ నెలలు తనకు తిరిగి ఇవ్వలేకపోయాను. పాతబస్తీ ఉర్దూ, శివారు ఇటుక బట్టీల నుంచి వచ్చే ఒడియా, ఇవన్నీ మన తరగతుల్లోనే ఉన్నాయి. 2022–23లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలయ్యాక ఇంటి భాషకూ పాఠానికీ దూరం ఇంకా పెరిగింది. రెండు భాషలూ వచ్చిన పై తరగతి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టడం హెచ్‌ఎం ఈ రోజే చేయగల పని.

అపోహ: "టీసీ, పుట్టిన తేదీ కాగితం లేకుండా చేర్చుకోలేం."

వాస్తవం: చేర్చుకోవాలి. వయసు రుజువు లేదని గానీ, టీసీ ఆలస్యమైందని గానీ ప్రవేశం నిరాకరించకూడదని అదే చట్టం చెబుతోంది.

అపోహ: "బతుకమ్మ ఆడించాం, ఇఫ్తార్ పెట్టాం. అన్ని సంస్కృతులనూ గౌరవించినట్టే."

వాస్తవం: పండుగలు చేయండి, సంతోషమే. కానీ గౌరవం పండుగ రోజుతో ఆగకూడదు. పదో తరగతికి ఇచ్చే మంచి టీచరును, వేరే ఇంటి భాషతో పిల్లలు మొదట అడుగుపెట్టే ఒకటో తరగతికి ఎప్పుడైనా ఇచ్చారా అని కూడా అడుగుతాను.

అపోహ: "మూడు రోజుల శిక్షణ సరిపోతుంది."

వాస్తవం: మేం ఉపన్యాసంతో మొదలుపెట్టం. అటెండెన్స్ రిజిస్టర్ తెమ్మంటాం. తరచూ బడికి రాని పిల్లలు ఏ బస్తీ వాళ్లు, ఇంట్లో ఏం మాట్లాడతారు, చివరిసారి వాళ్లింటికి ఎవరు వెళ్లారు? చాలామంది దగ్గర జవాబుండదు. నెల తర్వాత అదే రిజిస్టర్‌తో మళ్లీ వస్తారు. కొందరు అందులో స్కేలు పెట్టి, పెన్నుతో, "ఇంటి భాష" అని ఒక కొత్త గడి గీసుకుని ఉంటారు.