పంది కిడ్నీ మన ఒంట్లో నిలవాలంటే

పంది కిడ్నీని ఉన్నదున్నట్టుగా మనిషికి అమరిస్తే, నెత్తురు పారగానే అది గులాబీ రంగు తిరుగుతుంది. కొన్ని నిమిషాల్లోనో, మహా అయితే కొన్ని గంటల్లోనో మచ్చలు పడి, ఉబ్బి, నల్లబడి పనిచేయడం మానేస్తుంది. ఆపరేషన్ ఎంత చక్కగా చేసినా ఇంతే.

దీనికి మూలం ఒక చక్కెర. పంది రక్తనాళాల లోపలి పొర మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు మన పూర్వీకుల్లో కోట్ల ఏళ్ల కిందటే మూగబోయింది. కానీ మన పేగుల్లోని కొన్ని బ్యాక్టీరియాల మీద అలాంటి చక్కెరే ఉంటుంది కాబట్టి, పసితనంలోనే దానికి విరుగుడుగా యాంటీబాడీలు తయారైపోతాయి. పంది అవయవం రాగానే అవి దాని రక్తనాళాలను పట్టుకుంటాయి. వెంటనే కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల దళం కదిలి ఆ కణాలకు చిల్లులు పొడుస్తుంది. నెత్తురు గడ్డకట్టి నాళాలు మూసుకుపోతాయి. చింపాంజీలకు ఈ చక్కెర లేదు. 1964లో అమెరికాలో సర్జన్ కీత్ రీమ్ట్స్‌మా చింపాంజీ కిడ్నీలు అమర్చిన ఒక రోగి దాదాపు తొమ్మిది నెలలు బతకడంలో ఆ పోలిక పాత్ర ఉంది. అయితే చింపాంజీలు అరుదైనవి, మనకు మరీ దగ్గరివి. వాటిని అవయవాల కోసం పెంచడం తగదు. అందుకే పందినే మార్చాల్సి వచ్చింది.

2024 మార్చిలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఒక రోగికి అమర్చిన పంది కిడ్నీలో 69 జన్యుమార్పులు ఉన్నాయి. వినడానికి పెద్ద సంఖ్యే. అందులో 59 మాత్రం పంది జన్యువుల్లో దాగిన వైరస్‌లను పనిచేయకుండా చేయడానికి. మన ఒళ్లు కిడ్నీని పరాయిదిగా చూసి దాడి చేయడాన్ని, అంటే తిరస్కరణను, ఆపే పని మిగతా పదింటిదే. మూడు మార్పులతో ఆల్ఫా-గాల్ సహా మూడు చక్కెరలను తీసేశారు. ఏడు మనిషి జన్యువులను చేర్చారు. వాటిలో సీడీ46, సీడీ55 కాంప్లిమెంట్‌కు బ్రేక్ వేస్తాయి. థ్రాంబోమాడ్యులిన్ నెత్తురు గడ్డకట్టకుండా చూస్తుంది. కణాలను మింగేసే మాక్రోఫేజ్‌లకు సీడీ47 ‘నన్ను వదిలెయ్’ అని చెబుతుంది.

దీంతో తొలి గంటల గండం గట్టెక్కింది. నాకు ఇది మన కాలపు గొప్ప విజయాల్లో ఒకటి అనిపిస్తుంది. కానీ రోగనిరోధక దళంలోని టీ-కణాలు అనే తెల్లరక్తకణాలు నిదానంగా, పంది ప్రోటీన్లను ఒక్కొక్కటిగా గుర్తుపట్టి వస్తాయి. బోస్టన్ రోగిలోనూ మొదటి పది రోజుల్లోపే అలాంటి దాడి మొదలైతే, రోగనిరోధక శక్తిని అణచే మందులు పెంచి అదుపులోకి తెచ్చారు. టీ-కణాలకూ యాంటీబాడీలు తయారుచేసే బీ-కణాలకూ మధ్య సీడీ40 ద్వారా నడిచే సంకేతాన్ని ఆపే మందులు బబూన్ కోతుల్లో బాగా పనిచేశాయి. మనుషుల్లోనూ వాడుతున్నారు.

మందులతోనే అసలు చిక్కు. 2024 నవంబరులో న్యూయార్క్‌లో పంది కిడ్నీ పొందిన ఒక మహిళకు అది 130 రోజులు పనిచేసింది. ఇన్ఫెక్షన్ రావడంతో డాక్టర్లు మందుల డోసు తగ్గించారు. తర్వాత తిరస్కరణ మొదలై కిడ్నీని తీసేయాల్సి వచ్చింది. డోసు పెంచితే ఇన్ఫెక్షన్ భయం, తగ్గిస్తే కిడ్నీ పోతుందన్న టెన్షన్. రోగి బతుకు ఈ రెండింటి మధ్యే నలుగుతుంది.

అందుకే కొందరు సర్జన్లు కిడ్నీతోపాటు అదే పంది థైమస్ గ్రంథిని కూడా అమర్చి చూస్తున్నారు. ఏది తనది, ఏది పరాయిది అని టీ-కణాలు నేర్చుకునేది థైమస్‌లోనే. పంది థైమస్‌లో ఎదిగిన రోగి టీ-కణాలు పంది కిడ్నీని కూడా తమదిగానే లెక్కవేస్తే, మందులు బాగా తగ్గించవచ్చన్నది వాళ్ల ఆశ.