స్కూటరుకు వెనక సైడు చక్రాలు: అపోహలు – వాస్తవాలు

పాలకొల్లులోని మా షెడ్డుకు వచ్చే సైడు చక్రాల పనుల్లో చాలా వరకు కొత్తగా బిగించేవి కావు, మరొకచోట బిగించినవాటిని విప్పి సరిచేసేవే. బండి తెచ్చినవారు చెప్పే మాటలు కూడా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. చక్రాలు వేయించాక కూడా మలుపులో ఒరిగిపోతోందని ఒకరంటే, వానాకాలంలో వెనక చక్రం ఉన్నచోటే తిరుగుతోందని మరొకరంటారు. ఈ ఫిర్యాదులన్నిటికీ మూలం ఒక్కటే: పిల్లల సైకిలుకు ఊతంగా వేసే చిన్న చక్రాల వంటివే ఇవీ అనుకోవడం. నిజానికి వెనక ఇరువైపులా రెండు చక్రాలు నేలకు ఆనిన క్షణం నుంచి ఆ స్కూటరు వేరే వాహనమైపోతుంది. దానిని నడిపే తీరు, ఆపే తీరు, చివరకు చట్టం దానిని చూసే తీరు కూడా మారిపోతాయి.

కాలు కింద ఆనించలేని దివ్యాంగుల కోసం, అసలు వెనక చక్రాన్ని అలాగే ఉంచి, దానికి అటూ ఇటూ బోల్టులతో బిగించే అదనపు చక్రాల గురించే ఇక్కడ రాస్తున్నాను. వెనక చక్రాన్ని తీసేసి ఆటోకు ఉన్నట్టు యాక్సిల్ వేసే పద్ధతి వేరు, దాని లెక్కలూ వేరు.

అపోహ: సైడు చక్రాలు ఉంటే బండి ఇక పడదు.

వాస్తవం: ఆగి ఉన్నప్పుడు పడదు. కాలు కింద ఆనించలేనివారికి కావలసింది ముందుగా అదే కనుక ఈ చక్రాల విలువను తక్కువ చేయడం లేదు. నడిచేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. రెండు చక్రాల బండి మలుపు లోపలి వైపుకు ఒరిగి, బయటికి తోసే బలాన్ని ఆ ఒరుగుతోనే సరిచేసుకుంటుంది. పక్క చక్రాలు ఆ ఒరుగును అడ్డుకుంటాయి కాబట్టి బండి నిటారుగానే మలుపు తిరుగుతుంది, బయటికి తోసే బలమంతా బయటివైపు చక్రం మీద పడుతుంది.

పైగా ఈ వాహనం నేల మీద నిలిచే ఆకారం దీర్ఘచతురస్రం కాదు, ముందు ఒక మూల, వెనక రెండు మూలలు ఉన్న త్రిభుజం. ముక్కాలి పీట మీద కాలు లేని వైపున బరువు వేస్తే పీట ఎలా తిరగబడుతుందో, బరువు ముందుకు జరిగినకొద్దీ ఈ స్కూటరూ అలాగే పక్కకు తిరగబడేందుకు సిద్ధంగా ఉంటుంది. ఒక ఉదాహరణ చూద్దాం. పక్క చక్రాల మధ్య దూరం 80 సెంటీమీటర్లు, మనిషితో కలిపి బరువు కేంద్రం నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో, ముందు చక్రం నుంచి వెనక చక్రానికి ఉన్న దూరంలో అయిదింట మూడు వంతుల దగ్గర ఉందనుకుందాం. అప్పుడు బరువు కేంద్రం నుంచి తిరగబడే అంచు వరకు పక్కకు మిగిలేది 40 సెంటీమీటర్లు కాదు, 24 సెంటీమీటర్లే. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో ఈ బండి గంటకు 26, 27 కిలోమీటర్ల వేగానికే లోపలి చక్రాన్ని పైకి లేపుతుంది. కాలువ గట్టు మీద నుంచి వంతెన మీదికి తిరిగే మలుపులు మన ప్రాంతంలో ఎన్ని ఉన్నాయో, వాటిలో చాలా వాటి వ్యాసార్ధం పదిహేను మీటర్లయినా ఉండదని ఇక్కడ బండి నడిపేవారందరికీ తెలుసు.

మలుపు మధ్యలో బ్రేకు వేయవద్దని మేము పదే పదే చెప్పేది ఇందుకే. బ్రేకు వేయగానే బరువు ముందుకు, అంటే త్రిభుజం ఇరుకుగా ఉన్న మూలకు జరుగుతుంది. వేగాన్ని మలుపుకు ముందే తగ్గించుకోవాలి, మలుపులో నడుము పైభాగాన్ని లోపలి వైపుకు వంచాలి. మనం ఎడమ పక్కన నడుపుతాం, రోడ్డు అంచు ఎడమకు వాలి ఉంటుంది కాబట్టి కుడి మలుపులో ఆ వాలు కూడా బయటికే తోస్తుంది. కుడి మలుపుల్లో ఇంకొంచెం నెమ్మది అవసరం.

అపోహ: ఏళ్ల తరబడి బైకు నడిపినవారికి కొత్తగా నేర్చుకోవలసిందేమీ ఉండదు.

వాస్తవం: నా అనుభవంలో ఎక్కువ ఇబ్బంది పడేది వారే. కాస్త వేగంలో ఉన్న బైకును ఎడమకు తిప్పేటప్పుడు నడిపే మనిషి తనకు తెలియకుండానే ఎడమ పిడిని క్షణకాలం ముందుకు నెడతాడు, బండి ఎడమకు ఒరుగుతుంది, ఆ ఒరుగే దానిని తిప్పుతుంది. ఎవరూ నేర్పకుండానే చేతులకు అలవడే విద్య ఇది. సైడు చక్రాలు బిగించిన బండి మీద అదే పని చేస్తే, ఒరిగే వీలు లేదు కాబట్టి హ్యాండిల్ ఎటు తిరిగిందో బండి అటే, అంటే కుడికి పోతుంది. చక్కెర వ్యాధి వల్ల మోకాలి కింద కాలు తీసేసిన ఒక పెద్దాయన, ముప్పై ఏళ్లు మోటారు సైకిలు నడిపిన మనిషి, మా షెడ్డు వెనక ఖాళీ స్థలంలో మొదటిసారి ఎక్కినప్పుడు కొబ్బరిచెట్టును తప్పించాలనుకుంటూనే సరిగ్గా దాని మీదికే పోయారు. వేగం తక్కువ కాబట్టి ముందు మడ్‌గార్డుకు నొక్కు పడింది, అంతే. మరుసటి రోజు అదే చెట్టు చుట్టూ ఇరవై చుట్లు తిరిగాక, “ఇది ఆటో హ్యాండిల్ అనుకుంటే సరిపోతుందండీ” అని ఆయనే తేల్చారు. ఆ మాటను ఇప్పుడు కొత్తవారికి నేను చెబుతున్నాను. కోతలు అయిపోయిన కళ్లంలో రెండు మూడు రోజులు తిరిగాకే రోడ్డెక్కమంటాను.

అపోహ: పక్క చక్రాలు నేలకు ఎంత గట్టిగా ఆనితే అంత మంచిది.

వాస్తవం: మా దగ్గరకు మరమ్మతుకు వచ్చే బండ్లలో అత్యధికంగా కనిపించే తప్పు ఇదే. బండిని నడిపించేది, వెనక బ్రేకు పట్టేది మధ్యలో ఉన్న అసలు చక్రం. పక్క చక్రాలు కదలకుండా బిగుసుకుపోయి ఉన్నప్పుడు రోడ్డు మధ్యలో చిన్న పల్లం వచ్చిందంటే, గుంటకు రెండు ఒడ్ల మీద కాళ్లు పెట్టి నిలుచున్నట్టు బండి ఆ రెండు చక్రాల మీద నిలబడిపోతుంది, మధ్య చక్రం గాలిలో తిరుగుతుంది. అప్పుడు ముందుకు పోదు, వెనక బ్రేకు పట్టదు. మన ఒండ్రు నేలలో వాన పడ్డాక ట్రాక్టరు నడిచిన దారులకు మధ్యలో గట్టు, రెండు వైపులా గాళ్లు పడతాయి. ఇక్కడ ఇబ్బంది మరోలా ఉంటుంది: మధ్య చక్రం గట్టెక్కి, పక్క చక్రాల్లో ఏదో ఒకటి ఊగిసలాడుతుంది.

బిగించే చోటును బట్టి కూడా తేడా ఉంటుంది. స్కూటరులో ఇంజను, వెనక చక్రం కలిసి ఒకే ముక్కగా పైకీ కిందికీ ఊగుతాయి. పక్క చక్రాల చట్రాన్ని ఆ ఇంజను భాగానికే కదలకుండా బిగిస్తే, పల్లం రాగానే మధ్య చక్రం వేలాడుతుంది. ఛాసిస్‌కు బిగిస్తే మరో చిక్కు వస్తుంది. మనిషి లేనప్పుడు కొలత చూసి బిగించిన చక్రాలు ఇద్దరు ఎక్కి బండి కిందికి దిగగానే బరువంతా తామే మోస్తాయి, ఇద్దరు ఎక్కినప్పుడు చూసి బిగించినవి ఒక్కరే ఉన్నప్పుడు నేలను వదిలేసి బండిని ఒక పక్కకు ఒరగనిస్తాయి. అందువల్ల ప్రతి పక్క చక్రానికీ దాని సొంత షాక్ అబ్జార్బరు ఉండి, అది విడిగా పైకీ కిందికీ ఆడేటట్టు ఉన్న కిట్టునే తీసుకోవాలి. ధర ఎక్కువే, కానీ ఈ ఒక్క విషయంలో బేరం పనికిరాదు.

బిగించిన తరువాత మేము చేసే పరీక్షను ఎవరైనా ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. టైర్లలో గాలి సరిగా ఉంచి, నడిపే మనిషిని కూర్చోబెట్టి, రెండు పక్క చక్రాల కింద అంగుళం మందం చెక్క పలకలు పెట్టాలి. ఇంజను ఆపి, వెనకనుంచి మరొకరు మధ్య చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. సులువుగా తిరిగితే అది నేలకు ఆనడం లేదని అర్థం, అటువంటి బిగింపుతో బండిని రోడ్డెక్కించకూడదు. గేర్ల బండి అయితే ఈ పరీక్షకు ముందు న్యూట్రల్‌లో పెట్టాలి.

అపోహ: బోల్టులు వదులవుతాయి, వెల్డింగు చేయిస్తే శాశ్వతం.

వాస్తవం: స్కూటరు ఛాసిస్ పలుచని గొట్టం. దాని మీద మందపాటి పట్టీని వెల్డింగు చేస్తే, వెల్డు నిలుస్తుంది కానీ దాని అంచున వేడికి గుణం మారిన గొట్టం కొన్ని నెలల కుదుపులకు వెంట్రుకంత పగులు విడుస్తుంది. రంగు కింద ఆ పగులు కనిపించదు, ఒక సన్నని తుప్పు గీతగానే బయటపడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్ 6 ప్రమాణాల వల్ల వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో బ్యాటరీ తీయకుండా వెల్డింగు చేస్తే ఇంజనును నడిపే ఈసీయూ కూడా పోవచ్చు, అది చౌక వస్తువు కాదు. కంపెనీవారు ముందే బోల్టు రంధ్రాలు ఇచ్చిన చోట్లనే పట్టుకునే కిట్టు మేలు. తల మీద 8.8 అని (గట్టిదనానికి గుర్తు) అచ్చు ఉన్న బోల్టులు, కుదుపులకు వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉన్న నైలాక్ నట్లు వాడించుకోవాలి, తొలి వంద కిలోమీటర్ల తరువాత ఒకసారి అన్నిటినీ మళ్లీ బిగించాలి.

సముద్రపు గాలి తగిలే అంతర్వేది వైపు ఊళ్ల బండ్లకు తుప్పు త్వరగా పడుతుందన్నది అందరికీ తెలిసిందే. అంతకంటే చేటు చేసేది రొయ్యల లారీల నుంచి రోడ్డు మీద కారే ఉప్పునీరు. అది పక్క చక్రాల బుష్షుల్లోకి, బేరింగుల్లోకి నేరుగా చిమ్ముతుంది. చెరువుల రోడ్ల మీద రోజూ తిరిగేవారు వారానికి ఒకసారి మంచినీటితో కడిగి, నెలకొకసారి గ్రీజు పెట్టించుకోవాలి.

అపోహ: మైలేజీ, స్పీడు అలాగే ఉంటాయి.

వాస్తవం: రెండూ తగ్గుతాయి. స్పీడు తగ్గడం మంచిదే.

అపోహ: దివ్యాంగుల బండికి రవాణా శాఖ అనుమతి అవసరం లేదు.

వాస్తవం: అవసరం. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం మోటారు సైకిలు అంటే రెండు చక్రాల వాహనం. 2019 సవరణ తరువాత, దివ్యాంగుల వాడకం కోసం మార్చిన వాహనాన్ని చట్టం ‘అడాప్టెడ్ వెహికల్’ అంటుంది, పాత చట్టంలోని ‘ఇన్‌వాలిడ్ క్యారేజ్’ అనే మాట పోయింది. 52వ సెక్షను ప్రకారం ఈ మార్పుకు రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదం పొంది, మార్పు చేసిన 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. అనుమతి లేని మార్పులకు 182ఏ సెక్షను కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. లైసెన్సులో కూడా ఇది వేరే తరగతి, కాబట్టి పాత లైసెన్సు ఉందని ఊరుకోకూడదు. మా ప్రాంతంలో పెద్దవారు ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టరు అనే పిలిచే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుకు బండిని చూపించడానికి చాలామంది జంకుతారు. ప్రమాదం జరిగాక బీమా కంపెనీ ఆర్సీలో లేని చక్రాల గురించి అడగడం అంతకంటే కష్టం. బిగించిన వెంటనే బీమావారికి కూడా రాతపూర్వకంగా తెలియజేయడం మరిచిపోవద్దు.

అపోహ: కొత్తగా నేర్చుకునే పిల్లలకు, భయపడే పెద్దవారికి కూడా ఇదే మంచి ఉపాయం.

వాస్తవం: నేర్చుకునేవారికి ఇది తప్పుడు విద్య నేర్పుతుంది. హ్యాండిల్ తిప్పే తీరు తలకిందులని పైన చెప్పాను కదా, చక్రాలు తీసేసిన రోజున ఆ అలవాటే పడేస్తుంది. వైకల్యం లేనివారి బండికి ఇలా మార్చుకునే వెసులుబాటు చట్టంలోనూ లేదు. పెద్దవారి భయానికి చాలాసార్లు సీటు ఎత్తు తక్కువ ఉన్న తేలికపాటి స్కూటరు చాలు.

ఒకప్పుడు మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది పోలియో సోకినవారు. భారతదేశానికి పోలియో రహిత గుర్తింపు 2014 మార్చి 27న వచ్చింది, ఆ తరంవారు ఇప్పుడు నలభైలు, యాభైలు దాటుతున్నారు. ఈ మధ్య వచ్చేది ఎక్కువగా రోడ్డు ప్రమాదాల్లోనో, చక్కెర వ్యాధి వల్లనో కాలు పోయినవారు.

అపోహ: వెనక కూర్చునేవారికి ఏ తేడా ఉండదు.

వాస్తవం: ఒక పక్కకు కూర్చునే ఆడవారి పాదాల పక్కనే ఇప్పుడు ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది. చీర కుచ్చెళ్లు అందులోకి పోకుండా ఆ చక్రానికి సగానికి పైగా కప్పే మడ్‌గార్డు ఉండాలి. కిట్టు బిగించడానికి అసలు శారీ గార్డును తీసేస్తే, దాని బదులు మరొకటి పెట్టించే దాకా షెడ్డు వదలవద్దు. వీలైతే వారిని రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోమనాలి.

అపోహ: మూడు నాలుగు చక్రాలున్న బండికి స్టాండుతో పనేమిటి?

వాస్తవం: స్టాండు వేసిన బండి కదలదు. చక్రాల మీద నిలిచిన బండి వాలు దొరికితే దానంతట అదే పోతుంది. నరసాపురం – సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషులను, బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కేవారు దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పలకల మీదుగా ఎక్కే ముందు, ఆ పలకల వెడల్పు పక్క చక్రాలకు చాలుతుందో లేదో దిగి చూడలేనివారు రేవులోని మనిషిని అడిగి చూపించుకోవాలి. ఎక్కాక ఎడమ బ్రేకు లాకు వేసి, చక్రం కింద అడ్డు పెట్టాలి. కాలితో వెనక్కి నెట్టుకోలేనివారికి పంటు మీద బండి తిప్పుకోవడం సాధ్యం కాదు కాబట్టి, రివర్స్ గేరు లేని కిట్టయితే దిగేటప్పుడు వెనకనుంచి పట్టే మనిషిని ముందే మాట్లాడుకోవాలి. బండి అప్పగించేటప్పుడు సీటు కింద పెట్టెలో రెండు సరుగుడు కర్ర ముక్కలు, ఏటవాలుగా కోసినవి, వేసి ఇస్తాం. వాటికి డబ్బు తీసుకోము.