నీళ్ల సీసా తీసుకెళ్లారు, ఊరిని అడగలేదు

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. వాళ్లలో ఎక్కువమంది గెలుపు కోసం దిగలేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, మా గోడు వినండి అని చెప్పడానికే నామినేషన్లు వేశారు.

అప్పటికి ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు, పళ్లు దెబ్బతినే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, కొత్తదేం కాదు. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో దీన్ని గుర్తించారు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మోకాళ్లు వంకరపోయిన పిల్లలను పరీక్షించారు. బియ్యం తినేవాళ్ల కంటే జొన్నలు తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందనీ చెప్పారు. విలువైన పనే. ఊళ్లు రక్తం ఇచ్చాయి, మూత్రం ఇచ్చాయి, ఎక్స్‌రేలకు నిలబడ్డాయి. కానీ ఏం వెతకాలో తేల్చే చోట ఊరివాళ్లకు కుర్చీ వేయడం ఆ రోజుల్లో పద్ధతి కాదు. పరిశోధకులకు ఊరివాళ్లే సలహా చెప్పే అలాంటి బృందాన్ని ఇప్పుడు కమ్యూనిటీ సలహా మండలి అంటారు.

దాని ఫలితం ఎలా ఉంటుందో 'నల్లగొండ టెక్నిక్' చూస్తే తెలుస్తుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో తయారుచేసిన పద్ధతి ఇది. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి, కలియబెట్టి, గంటసేపైనా తేరనిచ్చి పైనీళ్లు వాడుకోవాలి. ఖర్చు తక్కువ, మన జిల్లా పేరు ప్రపంచమంతా తెలిసింది. అయితే పటిక మోతాదు ఏ బోరుకు ఆ బోరే లెక్కకట్టాలి. అడుగున మిగిలిన మడ్డిని రోజూ ఎక్కడో పారబోయాలి. తెల్లారకముందే నాట్లకు పోయే ఆడమనిషి ఇదంతా ఎప్పుడు చేస్తుంది? ఆమెను ముందే కూర్చోబెట్టి మాట్లాడితే ఈ ప్రశ్న మొదటి రోజే వచ్చేది. సలహా మండలి ఎందుకో నాకు తెలిసొచ్చింది ఇక్కడే.

ప్రజారోగ్యంలో ప్రజల మాట ఉండాలని 1978 అంతర్జాతీయ ఆరోగ్య సదస్సులో వెలువడిన అల్మా-అటా ప్రకటన చెప్పింది. పరిశోధనలో ఆ మాటకు బలం వచ్చింది మాత్రం అమెరికాలో హెచ్‌ఐవీ బాధితుల పోరాటంతో. మందుల పరీక్షలు ఎలా జరగాలో మేమూ చెబుతామని 1980ల చివర్లో వాళ్లు పట్టుబట్టారు. మన దగ్గర భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో కూడా కమ్యూనిటీ సలహా మండలి ప్రస్తావన ఉంది. పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఉందిగా అని కొందరంటారు. ఆ కమిటీ తన ముందుకొచ్చిన ప్లాన్‌ను పరిశీలిస్తుంది. మండలి పని ప్లాన్ రాయకముందే మొదలవ్వాలి. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు సంగతి గుర్తుంది కదా! హాస్టల్ ఆడపిల్లల అమ్మానాన్నలకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రాజెక్టు ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే సంగతి. ఇంటివాళ్లను అడగకపోవడం దగ్గరే నా బాధ.

ఇప్పుడు మన పీహెచ్‌సీల్లో చూడాల్సినవి బీపీ, షుగర్. పాలమూరులో ఒక సర్వే అనుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ వస్తే సగం ఇళ్లకు తాళం ఉండొచ్చు. పుణె, ముంబై వలసపోయారని తెలియనివాళ్లు 'అందుబాటులో లేరు' అని రాసుకుంటారు. మండలిలో ఒక ఆశా కార్యకర్తో, మేస్త్రీయో ఉంటే "పండుగకొస్తరు, అప్పుడు రండి" అంటారు. అంతేకాదు, "వలసపోయిన కాడ బీపీ గోలీలు ఎట్ల దొరుకుతయో ముందు అది చూడండి" అని కూడా అనొచ్చు. నా లెక్కలో అసలు పరిశోధన ప్రశ్న అదే.

ఊళ్లలో గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీలు ఎలాగూ ఉన్నాయి. పరిశోధన వాటి పని కాకపోయినా, మనుషులను వెతుక్కోవడానికి అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. మీటింగ్ పొద్దుగూకినంక పెట్టాలి. పగలు పెట్టక తప్పకపోతే, పత్తి ఏరడం మానుకొని వచ్చిన అక్కకు ఆ రోజు కూలి ఇవ్వాలి. డాక్టర్ల కారు డీజిల్ రాసిన బడ్జెట్‌లోనే ఆ కూలీ రాయాలి.