"యూజీసీ గుర్తింపు ఉందా సార్?": యూనివర్సిటీలు, పరిశోధన, ప్రభుత్వంపై అపోహలు - వాస్తవాలు

అడ్మిషన్ల సీజన్ వస్తే మా సెక్షన్‌లో ఫోన్‌కి తీరిక ఉండదు. ఎక్కువమంది అడిగేది ఒకటే: "ఫలానా కాలేజీకి యూజీసీ గుర్తింపు ఉందా సార్?" యూజీసీ అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, యూనివర్సిటీల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ. గుర్తింపు ఉందనో లేదనో ఒక్క ముక్క చెబితే వాళ్లకి చాలు. కానీ ఒక్క ముక్కలో తేలే విషయం కాదది. స్టేట్ యూనివర్సిటీ ఆఫీసులో చాలా ఏళ్లు అకడమిక్ సెక్షన్‌లో పనిచేసి, ఇప్పుడు రీసెర్చ్ ప్రాజెక్టుల ఫైళ్లు చూస్తున్నాను. అందుకే తిరిగి నేనే అడుగుతాను: "దేనికి గుర్తింపమ్మా? డిగ్రీ ఇవ్వడానికా, కోర్సు నడపడానికా, గ్రాంటు తీసుకోవడానికా?" ఈ మూడింటికీ మూడు వేర్వేరు గుమ్మాలు ఎక్కాలి. జనంలో ఉన్న అపోహలు చాలావరకు వీటిని ఒకటిగా అనుకోవడం వల్ల వచ్చినవే.

అపోహ: యూజీసీ గుర్తింపు ఉంటే అన్నీ ఉన్నట్టే.

1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీలు ఇచ్చే హక్కు మూడు రకాల సంస్థలకే ఉంది. పార్లమెంటు లేదా శాసనసభ చట్టంతో ఏర్పడిన యూనివర్సిటీలు, 3వ సెక్షన్ కింద డీమ్డ్ హోదా (యూనివర్సిటీతో సమానమన్న గుర్తింపు) పొందినవి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చినవి. మీ ఊళ్లో డిగ్రీ కాలేజీ వీటిలో ఏదీ కాదు. అది ఒక యూనివర్సిటీకి అనుబంధ కాలేజీ, పట్టా ఇచ్చేది ఆ యూనివర్సిటీ. అటానమస్ అని బోర్డు పెట్టుకున్నా అంతే. కాబట్టి కాలేజీ విషయంలో ముందు చూడాల్సింది అఫిలియేషన్. అదీ ఈ ఏడాదికి, మీరు చేరబోయే కోర్సుకి ఉందో లేదో.

బోర్డుల మీద కనిపించే 2(ఎఫ్), 12(బి) అదే చట్టంలోని సెక్షన్లు, అది వేరే సంగతి. 2(ఎఫ్) ఉందంటే యూజీసీ తన జాబితాలో ఆ కాలేజీని చేర్చుకుందని. 12(బి) ఉందంటే కేంద్ర గ్రాంట్లకు అర్హత ఉందని. 12(బి) లేని కాలేజీలో చదివినవాళ్ల డిగ్రీకి వచ్చిన లోటేమీ లేదు.

దీని పైన కోర్సుని బట్టి ఇంకో అనుమతి కావాలి. ఇంజినీరింగ్‌కు ఏఐసీటీఈ, బీఈడీకి ఎన్‌సీటీఈ, లాకు బార్ కౌన్సిల్, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్, ఎంబీబీఎస్‌కు పాత మెడికల్ కౌన్సిల్ (ఎంసీఐ) స్థానంలో 2020లో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ). ఒకాయన కూతురి లా అడ్మిషన్ కోసం కాలేజీ వాళ్లిచ్చిన యూజీసీ లెటర్ లామినేషన్ చేయించి మరీ తెచ్చి చూపించారు. బార్ కౌన్సిల్ అనుమతి ఎప్పటిదాకా ఉందో అడిగారా అంటే, "అదొకటి ఉంటుందా సార్?" అన్నారు.

అపోహ: యూజీసీ తలుచుకుంటే దొంగ యూనివర్సిటీని రేపే మూసేయిస్తుంది.

చట్టం లేకుండా "యూనివర్సిటీ" అని పేరు పెట్టుకున్నా, డిగ్రీలు ఇచ్చినా 24వ సెక్షన్ కింద పడే జరిమానా ఎంతో తెలుసా? వెయ్యి రూపాయల వరకు. 1956లో వెయ్యి రూపాయలంటే మాటలు కాదు. ఇప్పుడది ఆ యూనివర్సిటీ ఒక ఫ్లెక్సీకి పెట్టే ఖర్చు. అందుకే యూజీసీ నకిలీల జాబితా వేస్తుంది, చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాస్తుంది. ఆ జాబితాల్లో ఢిల్లీ అడ్రసులు ఎక్కువ. గుంటూరు, విశాఖ అడ్రసులూ ఉన్నాయి.

మంచి యూనివర్సిటీల మీద యూజీసీకి ఉన్న పాత బెత్తం గ్రాంటు. మాట వినకపోతే డబ్బు ఆపొచ్చని 14వ సెక్షన్ చెబుతుంది. అసలు గ్రాంటే తీసుకోని ప్రైవేటు యూనివర్సిటీకి ఆ దెబ్బ తగలదు. అలాగని యూజీసీ చేతులు కట్టేసి లేవు. పీహెచ్‌డీ నిబంధనలు పాటించలేదని 2025 జనవరిలో రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు యూనివర్సిటీలను ఐదేళ్లపాటు పీహెచ్‌డీ అడ్మిషన్లు చేసుకోవద్దంది.

ఇంతకీ ఈ చిక్కు రాజ్యాంగంలోనే ఉంది. యూనివర్సిటీని పుట్టించే అధికారం రాష్ట్ర జాబితాలో 32వ అంశం. ఉన్నత విద్య, పరిశోధన ప్రమాణాలు చూసే అధికారం కేంద్ర జాబితాలో 66వ అంశం. 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వచ్చినా ఈ రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కన్నది ఒకరు, మార్కులు వేసేది ఇంకొకరు. ఛత్తీస్‌గఢ్ 2002లో ఒక చట్టం చేసి, గెజిట్ నోటిఫికేషన్లతోనే వందకు పైగా ప్రైవేటు యూనివర్సిటీలను పుట్టించింది. వాటిలో చాలావాటికి సరైన క్యాంపస్ కూడా లేదు. యూజీసీ మాజీ చైర్మన్, శాస్త్రవేత్త యశ్‌పాల్ కోర్టుకెక్కారు. 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టంలో దానికి వీలు కల్పించిన సెక్షన్లను కొట్టేసింది. యూజీసీ నోటీసులతో కాని పని ఒక పెద్దమనిషి పిటిషన్‌తో అయింది.

అపోహ: ఐఐటీలు కూడా యూజీసీ కిందే.

కాదు. వాటికి 1961 నాటి సొంత చట్టం ఉంది, పైన ఐఐటీ కౌన్సిల్ ఉంది. "హైదరాబాద్ ఐఐటీకి యూజీసీ గుర్తింపు ఎందుకు లేదు" అని ఒకాయన అనుమానపడ్డారు. లేకపోవడమే సరైనది.

అపోహ: న్యాక్‌లో ఏ ప్లస్ ప్లస్ వచ్చిందంటే అన్ని కోర్సులూ బాగున్నట్టే.

కాలేజీల, యూనివర్సిటీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ బెంగళూరులో 1994 నుంచి ఉంది, అది మొత్తం సంస్థకు గ్రేడ్ ఇస్తుంది. ఒక్కో ఇంజినీరింగ్ కోర్సును విడిగా చూసేది ఎన్‌బీఏ. పైగా గ్రేడ్ మామూలుగా ఐదేళ్లు చెల్లుతుంది. గ్రేడ్ తెచ్చిపెట్టిన మేష్టర్లు ఈలోగా వేరే కాలేజీకి వెళ్లిపోయి ఉండొచ్చు. తనిఖీకి న్యాక్ పీర్ టీం వస్తుందంటే రాత్రికి రాత్రే పూలకుండీలు దిగిన కాలేజీని నేను కళ్లారా చూశాను, టీం వెళ్లిన మర్నాడు నర్సరీ బండి వచ్చి వాటిని తీసుకుపోవడమూ చూశాను. నా సలహా అడిగితే, గ్రేడ్ పక్కన పెట్టి కాలేజీ తన వెబ్‌సైట్‌లో పెట్టిన స్వీయ నివేదికలో అధ్యాపకుల జాబితా తెరవండి. అందులో నాలుగు పేర్లు తీసుకుని, వాళ్లు ఇప్పుడు అక్కడ పాఠం చెబుతున్నారో లేదో ఒక సీనియర్ విద్యార్థిని అడగండి.

అపోహ: పరిశోధన మొత్తం విద్యాశాఖ చూసుకుంటుంది.

దీనికి జవాబు కావాలంటే హైదరాబాద్‌లో తార్నాక నుంచి ఉప్పల్ దాకా ఒకసారి బస్సెక్కండి. ఉస్మానియా రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ. దాన్ని ఆనుకునే ఉన్న ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషలది) సెంట్రల్ యూనివర్సిటీ, అది కేంద్ర విద్యాశాఖది. అక్కడే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌ది, అంటే ఆరోగ్య శాఖ. ఐఐసీటీ (రసాయనాలు), ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతికశాస్త్రం), సీసీఎంబీ (జీవశాస్త్రం) మూడూ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ ల్యాబులు, శాస్త్ర సాంకేతిక మంత్రిత్వ శాఖవి. ఉప్పల్‌లో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ అదే మంత్రిత్వ శాఖలో బయోటెక్నాలజీ విభాగానిది. అటు రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ వ్యవసాయ శాఖది, కంచన్‌బాగ్ ల్యాబులు రక్షణ శాఖవి. ఒక్క ఊళ్లో ఇన్ని శాఖలు, ఎవరి లెటర్‌హెడ్ వాళ్లదే. సీఎస్‌ఐఆర్ అయితే ప్రభుత్వ శాఖ కూడా కాదు, రిజిస్టర్ అయిన సొసైటీ. ప్రధానమంత్రి దానికి హోదా రీత్యా అధ్యక్షుడు.

యూనివర్సిటీల్లోని ప్రొఫెసర్లకు ప్రాజెక్టులిచ్చే పనిలో 2008 చట్టంతో వచ్చిన సెర్బ్ అనే కేంద్ర బోర్డు ఉండేది. 2023 చట్టంతో దాని స్థానంలోకి ఏఎన్‌ఆర్‌ఎఫ్ అనే జాతీయ పరిశోధన ఫౌండేషన్ వచ్చింది. "ప్రభుత్వం పరిశోధనకి 50 వేల కోట్లు ఇచ్చేసింది" అని అప్పట్లో వాట్సాప్‌లో తెగ తిరిగింది. అది ఐదేళ్లకి వేసిన అంచనా. అందులో ప్రభుత్వం పెడతానన్నది 14 వేల కోట్లు, మిగతా 36 వేల కోట్లు పరిశ్రమలు, దాతల లాంటి ప్రభుత్వేతర వర్గాల నుంచి రావాలన్నది ఆలోచన.

అపోహ: జేఆర్‌ఎఫ్ వస్తే గవర్నమెంట్ జాబ్ వచ్చినట్టే.

జేఆర్‌ఎఫ్ అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే నెలవారీ సాయం, ఉద్యోగం కాదు. 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆ తర్వాత 42 వేలు. ముందు ఎక్కడో పీహెచ్‌డీ సీటు దొరకాలి. డబ్బు ప్రతి నెలా ఒకటో తారీఖున పడుతుందని ఈఎంఐలు మాత్రం పెట్టుకోకండి.

అపోహ: ప్రాజెక్టు డబ్బు ప్రొఫెసర్ ఇష్టం.

ఇది వింటే నాకు నవ్వొస్తుంది. డబ్బు వచ్చేది సంస్థ ఖాతాకి. పరికరాలకని వచ్చింది పరికరాలకే, ప్రయాణాలకని వచ్చింది ప్రయాణాలకే. కొనాలంటే ముందు ప్రభుత్వ కొనుగోళ్ల సైటైన జెమ్ పోర్టల్‌లో దొరుకుతుందేమో చూడాలి. ఏడాది చివర 12-ఏ ఫారంలో యుటిలైజేషన్ సర్టిఫికెట్, మా భాషలో యూసీ, పంపాలి. అది వెళ్లకపోతే తర్వాతి విడత రాదు, రీసెర్చ్ స్కాలర్‌కి స్టైపెండ్ ఉండదు. మార్చి నెలంతా మాకదే టెన్షన్.

గ్రాంటు బ్యాంకులో ఉన్నన్నాళ్లూ వచ్చే వడ్డీ కూడా మనది కాదు. దాన్ని భారత ప్రభుత్వ సంచిత నిధికి తిరిగి కట్టాలి. ఒకసారి మాకు ఒక ప్రాజెక్టు యూసీ వెనక్కి వచ్చింది. లక్షల్లో ఖర్చు, లెక్కలన్నీ సరిపోయాయి, ఆడిటర్ సంతకం ఉంది. కట్టాల్సిన వడ్డీలో 23 రూపాయలు తక్కువ కట్టామని కొర్రీ. ఆ 23 రూపాయలు కట్టాలంటే నోట్ ఫైలు, ఫైనాన్స్ ఆఫీసర్ ఆమోదం, చలానా. అప్పటికి స్కాలర్ అమ్మాయికి ఐదు నెలలుగా స్టైపెండ్ లేదు. రోజూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి "సార్, ఏమైనా తెలిసిందా?" అని అడిగేది. చివరికి నా ఫోన్‌లో ప్రభుత్వానికి డబ్బు కట్టే భారత్‌కోష్ సైట్ తెరిచి నేనే కట్టేసి, రసీదు ప్రింట్ తీసి జత చేశాను. ఆ 23 రూపాయలు తిరిగి అడగలేదు. అడిగితే దానికింకో ఫైలు పెట్టాలి.