వంశధార తగాదాకు మూలం కొండల్లోనే ఉంది

కళింగపట్నం ఒడ్డున గుప్పెడు ఇసుక తీసి ఎండలో చూడండి. మామూలు గింజల మధ్య ఎర్రవి, నల్లవి మెరుస్తాయి. ఎర్రవి గార్నెట్, నల్లవి ఎక్కువగా ఇల్మనైట్ అనే ఖనిజాలు. ఒడిశా వైపు కొండలు అరిగితే వంశధార నది ఏళ్ల తరబడి మోసుకొచ్చిన సరుకు ఇది. ఆ నది నీటి కోసమే ఆంధ్ర, ఒడిశాల తగాదా.

ఆ కొండల్లో ముఖ్యమైన రాయి ఖొండలైట్. అక్కడుండే ఖోండ్ గిరిజనుల పేరే దానికి పెట్టారు. పాతకాలపు మట్టి, ఇసుక పొరలు భూమి లోతున ఉడికి, నలిగి ఇలా మారాయి. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట తూర్పు కనుమలు, అంటార్కిటికా తూర్పు అంచు కలిసి ఒకటే పర్వత పట్టీ. దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందట ఆ రెండూ విడిపోవడం మొదలయ్యాకే మధ్యలో బంగాళాఖాతం పుట్టింది. శ్రీకాకుళం తీరం వయసు అడిగితే నేనైతే ఆ లెక్కే చెబుతాను.

ఖొండలైట్ వానకు తొందరగా మెత్తబడుతుంది. దానిమీద ఒడిశాలోని నియమగిరి లాంటి చోట్ల అల్యూమినియం ముడి ఖనిజం బాక్సైట్ గొడుగులా పరుచుకుంది. 2013లో 12 గ్రామసభలు తవ్వకాలు వద్దన్నది ఆ కొండ మీదే. వంశధారకు నీరిచ్చే వాగుల్లో కొన్ని అక్కడే పుడతాయి.

నది పొడవు 254 కిలోమీటర్లు, అందులో 154 ఒడిశాలోనే. పరీవాహకం 10,830 చదరపు కిలోమీటర్లు అయితే అందులో మన ఆంధ్ర వాటా పావు వంతు చిల్లర. కొండ దిగే దారి పొట్టిది, వాలు ఎక్కువ. అందుకే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పైన కుండపోతగా కురవగానే కింద వరద ముంచెత్తింది. వేసవిలో అదే ఏటిలో ఇసుక తిన్నెలు.

అసలు గొడవ ఇక్కడే. ఏడాదికి 115 టీఎంసీలుగా లెక్కగట్టిన నీటిని రెండు రాష్ట్రాలూ చెరి సగం పంచుకోవాలని 1962లోనే ఒప్పందమైంది. సగం దక్కినా నిలబెట్టేదెక్కడ? దిగువన గొట్టా బ్యారేజీ దగ్గరకొచ్చేసరికి నేల చదునైపోతుంది. కొండలు వదిలే చోట, భామిని మండలం నేరడి దగ్గర బ్యారేజీ కడదామంటే ఒడిశా వైపు భూమి కావాలి. ఎంతో పెద్దదేం కాదు, 106 ఎకరాలు! దానికే దశాబ్దాలు పట్టింది. 2010లో ఈ నీటి తగాదా తేల్చడానికి ట్రిబ్యునల్ వేశారు, 2017లో అది నేరడికి అనుమతిచ్చింది. ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

ఈలోగా హిరమండలం దగ్గర 19 టీఎంసీల జలాశయం కట్టారు. దానికోసం ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. నీళ్లు మళ్లించడానికి కాట్రగడ్డ దగ్గర సైడ్ వియర్ పెట్టారు. బ్యారేజీలాగా అది ఏటికి అడ్డం ఉండదు, గట్టు పక్కన ఉంటుంది. ఏరు ఒక మట్టం దాటి లేచినప్పుడే నీరు పొర్లి కాలువలో పడుతుంది. పైన వానలు తగ్గి మట్టం దిగిన రోజున కాలువలోకి వచ్చేది ఏమీ ఉండదు.